చేపల్లేని తల్లితొట్టి

చేపలక్క ఇంటి వెనకగదిలో ఒక పెద్ద గాజుతొట్టి ఉంది. అందులో చేప ఒక్కటంటే ఒక్కటి లేదు. అయినా రోజూ పొద్దున్నే చిటికెడు మేత తీసి అందులో చల్లుతుంది. ఫిల్టరు రాత్రీ పగలూ గుయ్‌మని మోగుతూనే ఉంటుంది, చిన్న లైటు వెలుగుతుంటుంది, బుడగలు లేస్తుంటాయి. మొదటిసారి చూసినవాళ్ళు గాజుకి ముక్కు ఆనించి మరీ వెతుకుతారు, ఏ రాతి వెనకో నక్కి ఉంటుందని. ఎంతకీ ఏదీ కనపడదు. మేత మాత్రం ఏ రోజుది ఆ రోజు మెత్తబడి, అణిగి, ఆనవాలు లేకుండా పోతుంది. అప్పుడు ఒకడుగు వెనక్కి వేసి, "అక్కా, ఇంతకీ ఇందులో ఏముంది?" అని గొంతు తగ్గించి అడుగుతారు.

ఏముందీ, స్పాంజి ఉంది. వినేవాళ్ళు నీరుగారిపోతే ఎవరేం చేస్తారు గానీ, అసలు సంగతంతా ఆ స్పాంజిలోనే ఉంది.

కొత్త తొట్టి కొన్న ప్రతి మహానుభావుడూ చేసే పని ఒకటే. తళతళలాడే నీళ్ళు నింపి, ఆ రోజే చేపల్ని వదిలేస్తాడు. నీళ్ళు చూడ్డానికి ఎంత స్వచ్ఛంగా ఉన్నా, చేప వదిలిన మలినం అందులోనే ఉండిపోయి దానికే విషమవుతుంది. ఆ విషాన్ని తిని అరిగించుకునే జీవాలు కొన్ని ఉంటాయి, కంటికి కనపడవు. నడుస్తున్న తొట్టి ఫిల్టరులో, స్పాంజి సందుల్లో గూడు కట్టుకుని ఉంటాయి. కొత్త తొట్టిలో అవి వాటంతటవి పుట్టి పెరగాలంటే వారాలు పడుతుంది. ఈలోపు చేపలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలతాయి, పిల్లలు ఏడుస్తారు, దుకాణం వాడికి తిట్లు పడతాయి. అదే పాత స్పాంజిలోంచి ఒక ముక్క కోసి కొత్త ఫిల్టరులో పెడితే, కొద్ది రోజుల్లోనే నీళ్ళు కుదురుకుంటాయి. ఆ ముక్కల కోసమే ఈ తొట్టి, ఆ జీవాలు ఆకలికి చావకుండా ఉండడానికే రోజూ ఆ మేత. దీన్ని తల్లితొట్టి అంటారు. చేపలక్క పెట్టిన ప్రతి తొట్టికీ ప్రాణం ఇక్కణ్ణుంచే వెళ్ళింది. ఒక్కటే నియమం: ముక్కని కుళాయి కింద కడగకూడదు. కుళాయి నీళ్ళలో కలిపే మందుని ఆ జీవాలు తట్టుకోలేవు. మరీ మురికిగా ఉంటే తొట్టినీళ్ళలోనే ఒకసారి పిండి వదిలెయ్యాలి.

ఈ పని ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. మొగుడిది. అతను ముక్క కోస్తే ఒక మూల కత్తిరించేవాడు, దాని చుట్టూ గాలపు దారం చుట్టి ముడేసి, కొసని అగ్గిపుల్లతో కాల్చి ఆవగింజంత పూస చేసేవాడు. "నా ముక్క ఏదో నాకు తెలియొద్దా?" అనేవాడు. ఆ ముడి చేపలక్కకి జన్మలో పట్టుబడలేదు. కొన్నేళ్ళ కిందట ఒక రోజు, ఎవరింటికో తొట్టి ఇసక దింపి వస్తానని వెళ్ళినవాడు మరి రాలేదు. బండి రైల్వే స్టేషన్ బయట తాళం వేసి దొరికింది. కాలవ గాలించారు, ఆసుపత్రులు తిరిగారు, బంధువులందరి గుమ్మాలూ తొక్కారు. మనిషి గాలిలో కలిసిపోయినట్టే అయ్యాడు.

ఏడ్చి ఏడ్చి, ఇక ఏడుపు కూడా విసుగొచ్చాక ఆమె అతని గొట్టాలూ బకెట్లూ భుజానికెత్తుకుంది. మొదట్లో చంపిన చేపల ఉసురు ఊరికే పోదని ఇప్పటికీ అంటుంది. మెల్లగా చెయ్యి తిరిగింది. ముక్కకి దారం బదులు రబ్బరుబ్యాండు చుట్టేది. ఇల్లిల్లూ ఆఫీసాఫీసూ తిరుగుతూ, వాళ్ళ తాళంచెవులు తెచ్చి వంటగదిలో మేకులకి తగిలించేది. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారూ. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కొడుకు మీద బెంగ, రెండింటికీ మందు లేదు.

తొట్లకి గాజు కోసి అతికించే అద్దాలాయన ఒకడున్నాడు. పెళ్ళాం పోయి చాలాకాలమైంది. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ పదీ పొదుపు చేసుకుని ఒక రోజు చేపలక్కతో అన్నాడు: "మా ఇంట్లో ఎండ పడని గోడ ఒకటుంది. మీ తల్లితొట్టికి సరిగ్గా సరిపోతుంది. మీరు, మీ అత్తగారు... అందరూ వస్తే బాగుంటుంది."

అర్థం కాకపోవడానికి ఆమేం చిన్నపిల్ల కాదు. మనసు ఒప్పుకుంది కూడా. నెలాఖరుకి చెబుతానంది, అత్తగారికీ ఆ మాట దాచలేదు. అడ్డం పడుతున్నది ఒక్కటే. మొగుడు బతికే ఉంటే? తను వేరే ఇంట్లో కాపురం పెట్టిన మర్నాడు వచ్చి గుమ్మంలో నిలబడితే? పోయినవాడి కోసం ఏడవొచ్చు, ఉన్నవాడితో పోట్లాడొచ్చు. ఈ రెండూ కాని మనిషితో ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆ నెలలోనే ఇల్లు వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పనినుంచి రాగానే ఆమె స్నానం చేస్తుంది, ఒళ్ళంతా తొట్ల వాసన కదా. ఒక మధ్యాహ్నం తలకి సబ్బు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉండగా, వెనకగదిలో ఫిల్టరు మోత ఆగిపోయింది. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని గొణుగుతున్న మనిషి ఠక్కున నోరు మూసుకున్నట్టయింది. కరెంటు పోయిందేమో అనుకుని ఒక కన్ను తెరిచి చూస్తే బల్బు వెలుగుతూనే ఉంది. "అత్తయ్యా!" అని కేకేసింది. పలుకు లేదు. నీళ్ళు కారుతున్న చప్పుడు, ఇంకేదో చిన్న గుసగుస లాంటిది వినపడింది. తర్వాత మళ్ళీ గుయ్‌మని మోత మొదలైంది.

సగం కడుక్కున్న జుట్టుతో బయటికొచ్చి చూసింది. అత్తగారు ముందుగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లితొట్టి మూత కాస్త పక్కకి జరిగి ఉంది. తొట్టి దగ్గర్నుంచి పెరటి తలుపు దాకా నేలమీద నీటిచుక్కలు. తలుపు గడియ వేసే ఉంది.

"ఎలకలేమోనే," అంది అత్తగారు ఇటు తిరక్కుండానే.

"ఎలకలు మూత తీసి, నీళ్ళు ఒలకబోసి, బుద్ధిగా గడియ పెట్టుకుని వెళ్ళాయా?"

చేపలక్క స్పాంజిని పైకి తీసి చూసింది. ఒక పక్క, కత్తెరతో కోసినట్టు తిన్నగా, ఒక ముక్క లేదు.

తర్వాతి వారం పిల్లల పళ్ళడాక్టరు క్లినిక్కుకి వెళ్ళింది. అక్కడ ఎదురుచూసే గదిలో కొత్త తొట్టి పెట్టి, అప్పటికి కొద్ది రోజులే అయింది. ఇంకా చేపల్ని వదల్లేదు, నీళ్ళు కుదురుకున్నాయో లేదో చూద్దామని వచ్చింది. ఫిల్టరు మూత తీసింది. తను పెట్టిన రబ్బరుబ్యాండు ముక్క లేదు. దాని చోట ఇంకో ముక్క ఉంది. ఒక మూల కత్తిరించి ఉంది. చుట్టూ గాలపు దారం. ముడి. ముడి కొసన ఆవగింజంత నల్లపూస.

చేతిలో మూత నేలమీద పడి దొర్లిన చప్పుడుకి కౌంటరమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా? అలా ఉన్నావేంటి?"

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ రాలేదే! మధ్యాహ్నం తాళం వేసుకుని భోజనానికి వెళ్తాం. ఒక తాళం మా దగ్గర, ఇంకోటి నీ దగ్గర, అంతేగా."

తన దగ్గరిది వంటింటి మేకుకి ఉంది. ఇంటి తాళంచెవి ఒకటి అతని జేబులోనే వెళ్ళిపోయింది ఆ రోజు. చేపలక్క అక్కడే బొమ్మల పుస్తకాల పక్కన పిల్లల కుర్చీలో కూలబడిపోయింది. భయం వేసింది. భయం అడుగున, చెప్పుకుంటే సిగ్గుగానీ, సంతోషం కూడా వేసింది. బతికే ఉన్నాడు. తన వెనకే తిరుగుతున్నాడు. తను పెట్టిన ముక్క బాగాలేదని తీసేసి, తన ముక్క పెట్టి వెళ్ళాడు. అచ్చం అలాగే చేసేవాడు మరి, మాట్లాడకుండా వెనకాలే వచ్చి సరిదిద్దేవాడు.

ఆ తర్వాత ఫోటో స్టూడియోలో తొట్టి తెరిస్తే, అక్కడా అదే ముడి. దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి తలెత్తితే, ఎదురుగా తొట్టి గాజులో తన మొహం వెనక ఒక మగమనిషి మొహం కనపడింది. కదలడం లేదు. తననే చూస్తోంది. తిరిగి చూస్తే గోడకి వేలాడదీసిన పెద్ద ఫోటో, ఎవడో పెళ్ళికొడుకు. దాని పక్కన ఇంకోడు. గది నిండా ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆమెనే చూస్తున్నారు.

ఇంట్లో తల్లితొట్టి స్పాంజి రోజురోజుకీ తరిగిపోతోంది. స్నానాలగదిలో ఉన్నప్పుడే మోత ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది. ఇంకొకరైతే తాళం మార్పించేవారు, నలుగురినీ పిలిచేవారు. చేపలక్క ఏం చేసిందో తెలుసా? పెరటి తలుపు గడియ తీసి ఉంచడం మొదలుపెట్టింది. ఒక రోజు స్నానాలగదిలో నీళ్ళు పోసుకోకుండా, చెంబు చప్పుడు మాత్రం చేస్తూ నిలబడింది. మోత ఆగింది. "వచ్చావా?" అంది తలుపు ఇవతల నుంచి. ఎవరూ పలకలేదు. ఎవరో ఊపిరి బిగబట్టిన సంగతి మాత్రం తెలిసింది. తలుపు తెరవడానికి చెయ్యి రాలేదు. తెరిస్తే ఎవరూ ఉండరేమోనని భయం, ఉంటారేమోనని ఇంకా భయం.

మర్నాడు అద్దాలాయన దగ్గరికి వెళ్ళి, "నావల్ల కాదండీ," అని చెప్పేసింది. ఎందుకని అతను అడగలేదు. చేతిలో గాజుని బల్లమీద జాగ్రత్తగా పెట్టి, "సరే. గోడ ఎక్కడికీ పోదు," అన్నాడు. దారిపొడుగునా ఆమెకి కళ్ళు మండాయి.

ఇక క్లినిక్కు సంగతి. మామూలుగా అయితే ఆమె పరీక్షచుక్కలు వెయ్యకుండా కొత్త తొట్టిలో ఒక్క చేపని కూడా వదలదు. చిన్న గాజుగొట్టంలో తొట్టినీళ్ళు తీసుకుని చుక్కలు వేస్తే, విషం ఉంటే ఆకుపచ్చగా, లేకపోతే పసుప్పచ్చగా మారుతుంది. పసిపిల్లలు కూడా చెయ్యగలిగిన పని. ఈసారి వెయ్యలేదు. మొగుడి చెయ్యి పడ్డాక ఇంకా పరీక్షేంటి, ఢోకా లేదనుకుంది. డాక్టరు కోరిన చేపలన్నిటినీ ఒక్కసారే వదిలేసింది. ఇన్నేళ్ళలో చెయ్యని తప్పు, ఒక ముడిని నమ్మి చేసింది.

రెండ్రోజులు గడవకముందే ఫోను వచ్చింది. పరిగెత్తుకెళ్ళేసరికి తొట్టి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. సగం చేపలు పైకి తేలి మూతులు తెరిచి గాలి మింగుతున్నాయి. మిగతా సగం ఆ పని కూడా చెయ్యడం లేదు. పంటినొప్పితో బుగ్గ పట్టుకుని కూర్చున్న ఒక చిన్నది, "ఆంటీ, అవి పడుకున్నాయా?" అంది. "అవునమ్మా," అంది చేపలక్క. చుక్కలు వేస్తే గొట్టం ముదురాకుపచ్చకి తిరిగింది.

బతికినవాటిని బకెట్లోకి తీసి, ఫిల్టరు తెరిచి, దారం చుట్టిన ముక్కని బయటికి తీసింది. పిండింది. తెల్లటి నీళ్ళు కారాయి. ఏళ్ళు నానిన స్పాంజిని పిండితే గోధుమరంగు బురద రావాలి, వానపడ్డ మట్టివాసన రావాలి. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది.

మొగుడు ఎన్నైనా చేసి ఉండొచ్చు గానీ, ఈ పని చెయ్యడు. కొత్తలో ఒకసారి తను స్పాంజిని కుళాయి కింద పెడితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన మనిషి. ఈ ముక్క కోసినవాళ్ళకి ముడి తెలుసు గానీ స్పాంజి తెలియదు. ఆమె ఎరిగినంతలో, సబ్బుని కూడా ఒకసారి కడిగి గానీ వాడని మనిషి ప్రపంచంలో ఒక్కరే ఉన్నారు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కూరగాయలు ముందేసుకుని కూర్చుంది. చేపలక్క ఆ ముక్కని తెచ్చి ఆవిడ ముందు పళ్ళెంలో పెట్టింది.

"ఈ ముడి మీకెలా వచ్చు అత్తయ్యా?"

ఆవిడ కత్తి కింద పెట్టింది. బుకాయిస్తుందేమో అనుకుంది చేపలక్క. బుకాయించలేదు.

"నేనేగా వాడికి నేర్పింది. బడిసంచీ పట్టీ ఊరికే తెంపుకొచ్చేవాడు."

"మేకుకున్న తాళాలు తీసుకుని మీరే వెళ్ళారా? ఆ మోకాళ్ళతోనా?"

"మెల్లగా వెళ్ళాలే. కూరలకని చెప్పి."

"ఎందుకు? ఎందుకిలా చేశారు? నేను భయంతో సగం చచ్చిపోయాను. పెళ్ళి వద్దని చెప్పి వచ్చాను. పిల్లల ముందు చేపలన్నీ చచ్చాయి. మిమ్మల్ని వదిలేసి వెళ్తానని అన్నానా నేనెప్పుడైనా? మీరూ వస్తున్నారనేగా చెప్పింది!"

"వాడొచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంటే ఎలాగే?"

"వస్తాడని మీకెవరు చెప్పారు?"

అత్తగారు కొంగు కొస చేతికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. వెనకగదిలో ఫిల్టరు మోగుతోంది.

"వచ్చాడు కదా," అంది.

చేపలక్క గోడకి ఆనుకుంది.

"మొదటిసారి మోత ఆగింది చూడు, ఆ రోజు. నువ్వు స్నానం చేస్తున్నావు. ఆ వేళకి నువ్వు స్నానంలో ఉంటావని వాడికి గుర్తే. పెరటి తలుపు మీద గోటితో గీకాడు. తెరిస్తే లోపలికి రాలేదు, సందులోంచి చెయ్యి మాత్రం చాపాడు. నా కొడుకు చెయ్యి నాకు తెలియదా? ఏడుపొచ్చింది. నాకోసమే వచ్చాడనుకున్నా. 'అమ్మా, తల్లితొట్టిలోంచి ఒక ముక్కియ్యి' అన్నాడు. నువ్వు అరిచావు చూడు, అప్పుడు నా నోరు నొక్కేశాడు. నీకు చెబితే మళ్ళీ నా మొహం చూడనన్నాడు."

"నా గురించి అడిగాడా?"

"లేదు."

"మీ గురించి?"

ఆవిడ తలొంచుకుంది. "మోకాళ్ళెలా ఉన్నాయనైనా అడగలేదు."

చేపలక్కకి అప్పుడు అన్నీ వరసన తెలిసొచ్చాయి. తన కళ్ళల్లో సబ్బు, ఒక్క తలుపు అవతల అతని చెయ్యి. నేలమీద చుక్కలు. గోడవైపు తిరిగి పడుకున్న ఈవిడ భుజాలు ఎందుకలా బిగిసి ఉన్నాయో కూడా.

"నిజం చెబితే నువ్వు ఆ రోజే వెళ్ళిపోతావు," అంది అత్తగారు. "చెప్పకపోతే నెలాఖరుకి వెళ్ళిపోతావు. వాడు ఇక్కడిక్కడే తిరుగుతున్నాడనుకుంటే ఉండిపోతావు కదాని... అంతే. నాకింకేం తెలుసు, ముడి తప్ప?"

ఉన్నట్టుండి చేపలక్కకి ఒక అనుమానం వచ్చి, దాంతోపాటే ఆపుకోలేని నవ్వు వచ్చింది.

"అత్తయ్యా, ఆయనకిచ్చిన ముక్క? అది కూడా కడిగారా?"

"కడిగాను. మర్నాడు నువ్వు పనికెళ్ళాక రమ్మని పంపి, వేణ్ణీళ్ళలో సబ్బేసి, కవర్లో పెట్టి మరీ ఇచ్చాను. కడక్కుండా ఎలా ఇస్తానే, పసిపిల్ల తిరిగే ఇంటికి?"

అనేసి, ఆవిడ చప్పున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

చేపలక్క నవ్వు ఆగిపోయింది. "ఎంత పిల్ల?" అని అడిగింది.

"గోడ పట్టుకుని నడుస్తోందట. కొత్తగా తొట్టి కొన్నారట. చేపలు నిలవట్లేదని, చూసినప్పుడల్లా ఏడుస్తోందనీ..."

ఆమె ఏడ్చింది. వెక్కివెక్కి, ఇన్నేళ్ళ బాకీ అంతా ఏడ్చింది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది, మొగుణ్ణీ, అతని ముడినీ, ఆ చేతినీ. కాలవ గాలించిన రోజులు గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. అత్తగారు కూడా ఏడ్చింది, అయితే కొడుకుని తిట్టలేక ఊరికే ఏడ్చింది. తర్వాత చేపలక్క మొహం కడుక్కుని ఫోను తీసింది. "నేనేనండీ. మొన్న కాదన్నాను కదా, అది తప్పు. ఈ ఆదివారమే వస్తాం, ఇద్దరం," అని చెప్పింది. అవతల అద్దాలాయన ఏమన్నాడో గానీ, ఒక్క మాటే అన్నట్టున్నాడు.

ఫోను పెట్టేసి వెనకగదిలోకి వెళ్ళింది. తల్లితొట్టి స్పాంజిలో మిగిలిందే కాస్త. ఒక తొట్టికి ఎంత అవసరమో అంత ముక్క కోసింది. తొట్టినీళ్ళలో ఒక్కసారి మెల్లగా పిండితే గోధుమరంగు మబ్బు లేచింది. రబ్బరుబ్యాండు చుట్టి, మూతున్న డబ్బాలో ఆ నీళ్ళే పోసి, అందులో ముంచి, మూత బిగించింది. మొగుడొక్కడి తొట్టే అయితే పాడైపోనీ అనేది. ఆయన చేపలు ఏ గంగలో కలిస్తే తనకేం. కానీ పొద్దున్నే గోడ పట్టుకుని నడిచొచ్చి, తేలిన చేపని చూసేది ఆయన కాదు.

"ఇల్లెక్కడో తెలుసా?"

అత్తగారు తలూపింది. "ముక్కిచ్చిన రోజు వాడెక్కిన బస్సే ఎక్కి, వెనకే వెళ్ళి చూశాను. వాడికి తెలియదు."

"అయితే ఇది ఇచ్చి రండి. మూత తీయొద్దు, ఎండ తగలనివ్వొద్దు, నీళ్ళు మార్చొద్దు." చేపలక్క డబ్బాని ఆవిడ రెండు చేతుల్లో పెట్టింది. "తలుపు ఆయన తీసినా సరే, ఆ పిల్ల తల్లి తీసినా సరే. నేనిచ్చానని చెప్పండి."